గీత కొట్టేసిన నాలుగు వాక్యాలు

పరాయి దేశంలో ఉంటున్న నల్లగొండ వాళ్ళ సంఘం మనది. కిందటి డిసెంబరు సేవాదినాల్లో మన జిల్లా మునుగోడు ప్రాంతంలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు వెళ్ళిన సంఘం బృందంలో నేనూ ఉన్నాను. సంచులు, నోటు పుస్తకాలు పంచడం, కంటి పరీక్షలు చేయించడం ఎప్పటిలాగే జరిగాయి. ఈసారి కొత్తగా, మన శనివారపు తెలుగు బడి పిల్లలు క్రీడాకారుల నిజ జీవిత కథలను తెలుగులో రాసుకొచ్చి అక్కడి పిల్లలకు చదివి వినిపించాలని అనుకున్నాము. పద్నాలుగేళ్ళ అమ్మాయి ఒకతె రెండు నెలలు కూర్చుని, వైకల్యం ఉన్న క్రీడాకారుల పోటీల్లో పరుగెత్తే జీవంజి దీప్తి కథ రాసుకొచ్చింది. ఆమె వంతు రావడానికి పది నిమిషాల ముందు బాధ్యుల్లో ఒకరు ఆ కాగితం తీసుకుని నాలుగు వాక్యాల మీద గీత కొట్టేశారు. "మన ఊళ్ళ గురించి మన పిల్లలతోనే ఇట్ల చెప్పియ్యొద్దు బిడ్డా, మంచి ముచ్చట్లే చదువు" అన్నారు. ఆ అమ్మాయి సరేనని తలూపి, మిగిలినదే చదివింది.

మిగిలినది ఇంతే: వరంగల్ జిల్లా కల్లెడలో కూలి పని చేసుకునే ఇంట్లో పుట్టిన దీప్తి బాగా సాధన చేసి, 2024 మే నెలలో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచింది, అదే సంవత్సరం సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. మూడో వరుసలో కూర్చున్న ఒక పిల్ల లేచి, "మేడం, ఆ అక్కను ఊర్ల ఎవలూ ఏమనలేదా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు, నేను కూడా చెప్పలేదు. మిఠాయిలు పంచే వేళయిందని మైకులో పిలిచారు.

జవాబు ఆ నాలుగు వాక్యాల్లోనే ఉంది. మేధోపరమైన లోపంతో పుట్టిన దీప్తిని ఊళ్ళో కొందరు పిచ్చిదని, కోతి అని పిలిచారు. అనాథాశ్రమంలో వదిలేయమని తల్లిదండ్రులకు సలహా ఇచ్చినవారు కూడా ఉన్నారు. బతుకు గడవక అమ్ముకున్న భూమిని, ఆసియా పారా క్రీడల్లో గెలిచాక వచ్చిన డబ్బుతో ఆ కుటుంబం తిరిగి కొనుక్కుంది. ఇవి తీసేస్తే 55.07 అనేది ఒక అంకెగా మాత్రమే మిగులుతుంది.

ఈ విషయం నన్ను ఇంతగా పట్టుకోవడానికి కారణం మర్రిగూడ వైపు నేను చదువుకున్న బడి. మా ప్రాంతపు బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్ గురించి ఈ పత్రిక పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే హాని చేసే ఆ పదార్థం మా తరగతిలో కొందరి పళ్ళను పచ్చబరిస్తే, ఒక పిల్లవాడి కాళ్ళను మోకాళ్ళ దగ్గర వంచేసింది. వాడిని మేమందరం వంకర కాళ్ళోడా అని పిలిచేవాళ్ళం, నేనూ పిలిచాను. మా డ్రిల్ సారు వాడికి ఈల, స్టాప్‌వాచ్ ఇచ్చి పరుగు పందేలకు కాలం చూసే పని అప్పగించారు. ఒక సాయంత్రం సారు మమ్మల్ని వేపచెట్టు కింద కూర్చోబెట్టి పి.టి. ఉష కథ చెప్పారు. 1984 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల హర్డిల్స్‌ను ఆమె 55.42 సెకన్లలో ముగించగా, మూడో స్థానంలో వచ్చిన రుమేనియా అమ్మాయి 55.41లో ముగించింది. సెకనులో వందో వంతు తేడాతో పతకం పోయింది. అప్పుడు వాడు చేతిలోని స్టాప్‌వాచ్ చూపించి, "సార్, దీంట్ల పదో వంతే కనపడుతది, మరి వందో వంతు ఎట్ల?" అన్నాడు. సారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వాడి భుజం మీద చేయి వేసి, "అంత చిన్నది కండ్లకు కనపడది బిడ్డా, ఉరికినోళ్ళకే తెలుస్తది" అన్నారు. ఆనాటి నుంచి వాడు ఎవరి కాలాన్నీ ఉజ్జాయింపుగా చెప్పేవాడు కాదు. ఓడిపోయినవాళ్ళ కాలం కూడా రాసి పెట్టేవాడు. గెలిచినవాళ్ళ కథే చెప్పి ఉంటే ఆ సాయంత్రం నాకు ఇన్నేళ్ళు గుర్తుండేది కాదని నమ్ముతున్నాను.

మలావత్ పూర్ణ కథను కూడా మనం ఇలాగే చదును చేసి చెబుతున్నాము. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన ఆ గిరిజన బాలిక, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంటూ మన భువనగిరి గుట్ట మీద బండలెక్కడం నేర్చుకుని, 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకముందే ఎవరెస్టు ఎక్కింది. నల్లగొండ వాళ్ళమైన మనం ఆ గుట్ట పేరు గర్వంగానే చెప్పుకుంటాము. అయితే దారిలో శవాలను చూసి భయపడ్డానని ఆమె స్వయంగా చెప్పిన మాటను మాత్రం వదిలేస్తాము. బాక్సర్ నిఖత్ జరీన్ 2022, 2023లలో ప్రపంచ ఛాంపియన్ అయిందని చెప్పి, పారిస్ ఒలింపిక్స్‌లో రెండో పోరులోనే ఓడిన రోజును దాటేస్తాము.

కాగితం మీద గీత కొట్టినాయన దుర్మార్గుడు కాదు. ఊరి మీద ప్రేమతోనే ఆ పని చేశారు. పరాయి దేశంలో పుట్టిన మన పిల్లలు ఊరంటే వెక్కిరింపులని మాత్రమే అనుకుంటారేమోనని ఆయన భయం, అది నాకూ ఉన్నదే. దీప్తి మన మధ్య బతికి ఉన్న మనిషి కనుక, ఆమెను అన్న మాటలను పదిమందిలో పలికేటప్పుడు ఎంతో జాగ్రత్త అవసరమని కూడా ఒప్పుకుంటాను. మరీ చిన్నపిల్లలకు ఆ మాటలు యథాతథంగా చెప్పనవసరం లేదు. కానీ కల్లెడలో దీప్తిని వెక్కిరించినవాళ్ళు ఉన్నట్టే, ఆమె పరుగును గమనించిన బడి ఆటల ఉపాధ్యాయుడు, హైదరాబాద్ తీసుకెళ్ళి నేర్పిన శిక్షకుడు నాగపురి రమేశ్ కూడా మనవాళ్ళే. మొదటివాళ్ళను దాచిపెడితే రెండోవాళ్ళు చేసింది ఎంత పెద్ద పనో పిల్లలకు ఎలా తెలుస్తుంది? మాట పడుతున్న పిల్ల మూడో వరుసలో కూర్చుని ఉంటే, మన కథలో తన చోటు ఎక్కడని వెతుక్కుంటుంది?

కాబట్టి కార్యవర్గానికి నా విన్నపం ఇది. వచ్చే డిసెంబరుకు ఎంచే పుస్తకాల్లో, శనివారపు బడి అరల్లో క్రీడాకారుల నిజమైన కథలను పెట్టండి. ఓటమితో, అవమానంతో, చేయి పట్టుకుని నడిపించినవాళ్ళ పేర్లతో సహా పెట్టండి. ఆ పద్నాలుగేళ్ళ అమ్మాయి అసలు ప్రతిని నేను అడిగి తీసుకుని దాచాను. మునుగోడు దగ్గరి ఆ బడికే మళ్ళీ వెళ్దాం, ఆమె చేతనే ఆ నాలుగు వాక్యాలూ చదివిద్దాం. మూడో వరుసలో లేచి నిలబడిన పిల్ల అప్పటికి పదో తరగతిలో ఉంటుంది.