మన భోజనాల బల్ల మీద బాతుగుడ్డుకూ చోటివ్వండి

మొన్న మన తెలుగు సంఘం సంక్రాంతి సంబరాల్లో భోజనాల దగ్గర జరిగింది మీలో చాలామంది చూసే ఉంటారు. శ్రీకాళహస్తి నుంచి ఈ పరాయి దేశంలో ఉన్న కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దమ్మ బాతుగుడ్ల పులుసు చేసుకొచ్చింది. గిన్నె ఇలా రాగిసంగటి పక్కన పెట్టిందో లేదో, వడ్డన చూసుకుంటున్న వాలంటీరు "ఆంటీ, బాతుగుడ్లా? వాసనొస్తుంది, ఎవరూ తినరు" అంటూ తీసుకెళ్ళి కిచెన్‌లో పెట్టేశారు. సాయంత్రం దాకా దాని మూత తీసినవాళ్ళు లేరు. గుడి హాల్లో అయితే నేనే వద్దనేదాన్ని. కానీ అది స్కూల్ హాలు. అదే బల్ల మీద నాటుకోడి పులుసు, మటన్ బిర్యానీ ఉన్నాయి.

మాది నగరి దగ్గర పల్లె. పోయినసారి వెళ్ళేసరికి మా తమ్ముడి భార్య పెరట్లో బాతుల్ని పెంచుతోంది. అవి రెండో విడతవి. మొదటి విడత పిల్లలు బూజు పట్టిన చెనక్కాయ చెక్క (నూనె తీశాక మిగిలే పిండి) తిని వరసగా చచ్చిపోయాయట. ఆ బూజులో పుట్టే అఫ్లటాక్సిన్ విషానికి కోడి కంటే బాతు చాలా తొందరగా పడిపోతుందని పశువుల డాక్టరు చెప్పాడు. ఇంటింటా చెనక్కాయ పండే మా వైపు ఈ సంగతి ఎంతమందికి తెలుసు? ఇక అప్పట్నుంచీ తవుడు, నూకలు, చెరువు నత్తలే మేత.

ఐదారు నెలల వయసొచ్చాక ఇంట్లో అందరికీ గుడ్ల మీదే ధ్యాస. అమ్మ రోజూ ఆడబాతుల్ని పట్టుకుని, తోక కింద ఎముకల మధ్య ఎడం పెరిగిందా అని వేళ్ళతో చూసేది. "తొమ్మిదింటి దాకా తలుపు తియ్యొద్దమ్మా" అని కోడలికి మరీ మరీ చెప్పేది. బాతు ఎక్కువగా తెల్లవారుజామునే గుడ్డు పెడుతుంది. తొందరపడి వదిలామా, చెరువు గట్టునో నీళ్ళలోనో ఎక్కడ నిలబడితే అక్కడే పెట్టేస్తుంది. ఒకరోజు పొద్దున "వదినా, రా రా!" అని మరదలు కేక పెట్టింది. వరిగడ్డిలో చిన్న గుడ్డు, కాస్త మట్టి అంటుకుని ఉంది. అమ్మ కొంగుతో తుడిచి మనవడి చేతిలో పెట్టింది. వాడు ఆ పూట బడికి పోలేదు, ఎవరూ పొమ్మనలేదు కూడా.

అవి ఖాకీ క్యాంప్‌బెల్ జాతి బాతులు. బాగా మేపితే ఏడాదికి 250 దాటి గుడ్లు పెడతాయి కానీ పొదగవు. పిల్లలు కావాలంటే ఆ గుడ్లను నాటుకోడి కింద పెట్టి 28 రోజులు ఆగాలి. ఊళ్ళో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు అప్పుడే మరదల్ని పిల్లల కోసం అడిగిపెట్టుకున్నారు.

ఇంత ముచ్చటగా చెబుతున్నాను కానీ, మా ఇల్లేమీ తక్కువ తినలేదు. నా చిన్నప్పుడు కోతలయ్యాక బాతుల మందలు తోలుకొచ్చి, మళ్ళ గట్ల మీద గుడిసెలు వేసుకునేవాళ్ళు ఉండేవాళ్ళు. రాలిన గింజలు, నత్తలు మేపి, పొద్దున్నే గుడ్లు ఏరి ఊళ్ళో అమ్మేవాళ్ళు. మా అవ్వ ఆ గుడ్లు కొనేది, వంటింట్లోకి మాత్రం రానిచ్చేది కాదు. పెరట్లో వేరే పొయ్యి, వేరే చట్టి. తెచ్చినవాళ్ళను వాకిలి దాటనిచ్చేది కాదు. ఆ చిన్నచూపు ఇక్కడి గాలికి వచ్చింది కాదు. సూట్‌కేసుల్లో పచ్చళ్ళతో పాటు మనమే తెచ్చుకున్నాం.

వాసన సంగతి కాదనను. మేతను బట్టి కొంచెం ఉంటుంది. కడుపు పాడుచేసే సాల్మొనెల్లా క్రిమి భయం ఉంది కాబట్టి గట్టిగా ఉడికించాలన్నదీ నిజమే. పులుసులో ఉడికిన గుడ్డుకు ఆ బాధ లేదు. నచ్చనివాళ్ళు తినకపోతే ఎవరికీ నష్టం లేదు. కానీ సంక్రాంతికి స్టేజి మీద గడ్డి పాక, ఎడ్లబండి బొమ్మ పెట్టి ఫోటోలు దిగే మనం, పల్లెలో నిజంగా వండుకునే కూరను దాచెయ్యడం ఏం న్యాయం?

సంఘం ఈసీకి (కార్యవర్గానికి), ఫుడ్ కమిటీకి నా విన్నపం ఒక్కటే. వేసవి పిక్నిక్ సైనప్ షీట్‌లో "అందరూ తినే వంటలే తెండి" అన్న మాట తీసెయ్యండి. మాంసాహార బల్ల మీద ఎవరింటి వంటైనా పేరు రాసి పెట్టుకోనివ్వండి. తినేదీ మానేదీ వడ్డించుకునేవాళ్ళే చూసుకుంటారు.