పల్లె అవ్వను పట్టించుకోని పరిశోధన

దేశంలో అరవై ఏళ్లు దాటిన ప్రతి వందమందిలో ఏడుగురికి పైగా డిమెన్షియాతో, అంటే జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా సన్నగిల్లే జబ్బుతో బతుకుతున్నారని 2023లో వెలువడిన లాసీ-డాడ్ అనే దేశవ్యాప్త అధ్యయనం లెక్కగట్టింది. మొత్తం మీద సుమారు 88 లక్షల మంది. అంతకంటే కలవరపెట్టే సంగతి ఆ లెక్కలోనే ఉంది. ఈ జబ్బు పట్నాల కంటే పల్లెల్లో ఎక్కువ, మగవారి కంటే ఆడవారిలో ఎక్కువ, చదువుకున్నవారి కంటే అక్షరం రానివారిలో ఎక్కువ. బడి మొహం చూడకుండా జీవితమంతా పొలంలో, పొయ్యి దగ్గర గడిపిన పల్లెటూరి అవ్వకే ముప్పు అందరికంటే మిన్న అన్నమాట. డిమెన్షియా మీద ప్రపంచమంతటా జరుగుతున్న పరిశోధనలో ఎక్కడా సరిగా కనబడనిదీ ఆవిడే.

ఇది మన ఒక్కరి గోడు కాదు. అమెరికాలో నల్లజాతి వృద్ధులకు, డిమెన్షియాలో అన్నిటికంటే ఎక్కువగా కనబడే రకమైన అల్జీమర్స్ ముప్పు తెల్లవారి కంటే దాదాపు రెట్టింపు. అయినా అక్కడ 2023లో పూర్తిస్థాయి అనుమతి పొందిన లెకానెమాబ్ అనే అల్జీమర్స్ మందును 1,795 మంది మీద పరీక్షించినప్పుడు వారిలో నల్లజాతివారు గుప్పెడు మందే. మరుసటి ఏడాది అనుమతి పొందిన డొనానెమాబ్ అనే మరో మందు పరీక్షల్లో పాల్గొన్నవారిలో నూటికి తొంభై మందికి పైగా తెల్లవారు. పాల్గొంటామని ముందుకొచ్చిన నల్లజాతివారిలో చాలామందిని, ఈ మందులు గురిపెట్టే అమిలాయిడ్ అనే ప్రొటీన్ మెదడులో నిర్ణీత స్థాయిలో లేదని వెనక్కి పంపారు. మరి వారి మతిమరుపునకు కారణమేమిటి? బీపీ, షుగర్, మెదడు రక్తనాళాల దెబ్బ ఎంతవరకు కారణం? బీపీ, షుగర్ ఇంటింటా ఉన్న మన దేశానికి ఈ ప్రశ్న పరాయిది కాదు. రోగుల్లో 66 శాతం పేద, మధ్యాదాయ దేశాల్లో ఉంటే పరిశోధనలో పదో వంతు కూడా అక్కడ జరగడం లేదని 1998లోనే ఒక బృందం గొంతెత్తింది. ఆ వ్యత్యాసాన్నే 10/66 అని తన పేరుగా పెట్టుకున్న ఆ బృందం పుట్టింది మన కొచ్చిలోనే.

వెలివేత మొదలయ్యేది పరీక్ష గదిలో. జ్ఞాపకశక్తిని కొలవడానికి డాక్టర్లు ఎక్కువగా వాడే ప్రశ్నావళి 1975లో అమెరికాలో తయారైంది. అందులో ఒకదానిమీద ఒకటి పడినట్టున్న రెండు పంచభుజులను చూసి గీయాలి. కాగితం మీద రాసింది చదివి కళ్లు మూసుకోవాలి. సొంతంగా ఒక వాక్యం రాయాలి. పలకా బలపం ఎరుగని అవ్వ చేతికి పెన్సిలిస్తే దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియక కొడుకు మొహం చూస్తుంది. తారీఖు అడిగితే చెప్పలేదు. అమావాస్య పోయి ఎన్నాళ్లయిందో, నారు పోసి ఎన్నాళ్లయిందో అడగండి, తడుముకోకుండా చెబుతుంది. అది ఎవరూ అడగరు. మతి నిక్షేపంలా ఉన్నావిడకు జబ్బు అంటగట్టడం ఒక అన్యాయమైతే, నిజంగా జబ్బు మొదలైనావిడను ‘చదువు లేదు కదా, అంతే’ అని ఇంటికి పంపేయడం అంతకంటే పెద్ద అన్యాయం. కూరలో రెండుసార్లు ఉప్పేసినా, తెలిసిన దారిలో తప్పిపోయినా ఇంట్లోవాళ్లు చాదస్తం అని సరిపెట్టుకునే చోట డాక్టరు కూడా ఆ మాటే అంటే ఇక ఆవిడకు దిక్కెవరు?

మార్గం లేక కాదు. 1990లలోనే హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల కోసం చదువురానివారికి సరిపడే హిందీ పరీక్ష తయారైంది. రాసింది చదివి చేయమనే బదులు ‘నా మొహం చూసి నేను చేసినట్టే చేయండి’ అంటారు. భారత వైద్య పరిశోధన మండలి తెలుగు సహా అయిదు భాషల్లో పరీక్షల సంపుటి సిద్ధం చేసింది. ఇలాంటివారిని పరిశోధనలో కలుపుకొంటే దక్కేదేమిటో హైదరాబాదే చూపించింది. నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన ఫలితం ప్రపంచాన్ని ఆకర్షించింది. రెండు భాషలు మాట్లాడేవారిలో డిమెన్షియా సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. బడికి వెళ్లనివారిలోనూ ఆ తేడా కనబడింది. పాశ్చాత్య దేశాల్లో రెండు భాషలవారు చాలావరకు వలస వచ్చినవారు కావడంతో, ఆ మేలు భాషదా, వలసదా అన్న చిక్కుముడి వీడలేదు. తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిసి పుట్టి పెరిగే నగరం, అక్షరం రాని రోగులు ఉన్నారు కాబట్టే ఆ ముడి విప్పడం ఇక్కడ వీలైంది. కర్ణాటకలో, తెలుగు ధారాళంగా వినబడే కోలారు జిల్లా శ్రీనివాసపుర తాలూకాలో బెంగళూరు మెదడు పరిశోధన కేంద్రం నలభై అయిదేళ్లు దాటిన పదివేల మంది గ్రామీణుల ఆరోగ్యాన్ని ఏళ్ల తరబడి గమనించాలని పూనుకుంది. అటువంటి పని ఉభయ తెలుగు రాష్ట్రాల పల్లెల్లోనూ జరగాలి. శ్రీకాకుళం సవరల నుంచి ఆదిలాబాద్ గోండుల దాకా, లంబాడీ తండాల నుంచి పాతబస్తీ దాకా అది చేరాలి. గోండీ మాట్లాడే ముసలాయనకు మనవడి చేత తెలుగు ప్రశ్నలు చెప్పించి, తడబడ్డాడని జబ్బు రాసేయడం పరీక్ష అనిపించుకోదు.

అయితే జనం ఎందుకు నమ్మాలి? 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో వేలాది బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఇచ్చే హెచ్‌పీవీ టీకా ప్రయోగాత్మకంగా వేశారు. వారిలో గిరిజన హాస్టళ్ల పిల్లలు చాలామంది. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు ఎన్నో చోట్ల వార్డెన్లు పెట్టారు. ఆ తర్వాత సంభవించిన కొందరు బాలికల మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలకపోయినా, అనుమతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. ఆ గాయం మన్యంలో ఇంకా పచ్చిగానే ఉంది. డిమెన్షియాలో మనిషి తన అంగీకారం తాను చెప్పుకోగల శక్తే క్రమంగా జారిపోతుంది కాబట్టి జాగ్రత్త పదింతలు ఉండాలి. వేలిముద్ర వేయించుకునే ముందు సొంత భాషలో, ఇంటివారి సమక్షంలో, పరిశోధనతో సంబంధం లేని సాక్షి ముందు విడమరచి చెప్పాలి. ఇష్టం లేదంటే గౌరవంగా తిరిగి రావాలి.

మేం ప్రభుత్వాలను, పరిశోధనలకు అనుమతినిచ్చే నైతిక సంఘాలను కోరేది పెద్దదేమీ కాదు. ప్రతి అధ్యయనం తనలో ఆడవారెందరో, పల్లెవారెందరో, దళిత, గిరిజనులెందరో, బడికి వెళ్లనివారెందరో, ఏ భాషవారో బయటపెట్టాలి. బీపీ, షుగర్ చూడటానికి ఇంటింటికీ వెళ్లే ఆశా కార్యకర్తలకు మతిమరుపు గుర్తులు పసిగట్టే శిక్షణ ఇచ్చి, ఆ పనికి వేరుగా పారితోషికం ఇవ్వాలి. పరీక్షకు ముందే చెవి, కన్ను చూడాలి. శుక్లంతో మసకబారిన కంటికి బొమ్మ చూపించి లాభమేముంది? అవ్వను పట్నం తీసుకెళ్లాలంటే వెంట ఇంకొకరు రావాలి, అంటే ఇంట్లో ఆ రోజు కూలి పోతుంది. ఆ కూలీ, బస్సు చార్జీ, భోజనం పరిశోధన ఖర్చులోనే రాయాలి. జబ్బు బయటపడితే ఏ ఆసుపత్రికి వెళ్లాలో, మందులెవరిస్తారో, మళ్లీ ఎప్పుడు వచ్చి చూస్తారో ఆ కుటుంబానికి ముందే చెప్పి, రాసి ఇవ్వాలి. ఆ కాగితం ఇవ్వకుండా రక్తం తీసుకుపోయే పరిశోధనకు అనుమతి ఇవ్వకూడదు.