మూత తీయకుండా సొమ్ము అడిగే పెట్టె గారికి

గుంటూరు.

మహారాజశ్రీ మిస్టరీ బాక్సు గారి దివ్యసముఖమునకు,

నమస్కారములు. క్రిప్టో టోకెన్లు, అంటే కంప్యూటర్లలోనే ఉండే నాణేలు, కొన్నవారికి ఎన్‌ఎఫ్‌టీ బహుమతులు, అంటే బ్లాక్‌చెయిన్ అనే ఉమ్మడి కంప్యూటరు ఖాతాలో ఒకరి పేరున రాసిపెట్టే బొమ్మలు, మూసిన పెట్టెల్లో పంచే మహత్కార్యం మీద తాము మా ఊరి దాకా విచ్చేశారని తెలిసి సంతోషించాను. వంద డాలర్ల టోకెన్లు కొన్నవాడికి ఒక పెట్టె, వెయ్యి డాలర్లకు కొన్నవాడికి పదీ కాకుండా పన్నెండు పెట్టెలు, చుట్టాన్నో స్నేహితుణ్నో వెంట తెచ్చినవాడికి మరొకటి అదనం అని విన్నాను. మనుషుల్లో ఉన్న తేడాలు చాలవన్నట్టు, తాము బొమ్మలకు కూడా కామన్, రేర్, ఎపిక్, లెజెండరీ అని నాలుగు వర్ణాలు ఏర్పరచి, ఎవరు ఏ వర్ణంలో పుడతారో పుట్టేదాకా తెలియనివ్వకపోవడం ఎంతైనా సనాతనంగా ఉంది.

తమ దర్శనభాగ్యం నాకు అరండల్‌పేటలో ఒక టీ కొట్టు ముందు, మా మేనల్లుడి ఫోనులో కలిగింది. తాము ముందు కాసేపు ఊగారు, తరువాత సందుల్లోంచి బంగారు వెలుగు చిమ్మారు, చుట్టూ ఉన్న కుర్రాళ్ళు టీ గ్లాసులు పట్టుకున్న చేతులు కదపకుండా చూస్తూ ఉండగా పెట్టె పగిలి, నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న ఒక నక్క బయటపడింది. దాని కింద బూడిద రంగు పట్టీ మీద కామన్ అని ఉంది. వాడి స్నేహితుడు భుజం తట్టి, "పర్లేదులేరా, నెక్స్టు దాంట్లో పడుద్ది" అని ఓదార్చాడు. ఆ నక్క ఎందుకు పనికొస్తుందని నేను అడిగితే, "ఫ్రీగా వచ్చిందే కదా మామయ్యా" అన్నాడు మావాడు. పక్కనున్నవాడు మాత్రం లెజెండరీ వస్తే రోజూ కొన్ని టోకెన్లు అదనంగా పడతాయని వివరించాడు. పడేది కూడా తమ టోకెనేనట.

ఆ "ఫ్రీగా" అన్న మాట దగ్గరే తమ ప్రతిభకు నేను తలవంచుతున్నాను. బొమ్మ గీయించినవారు తమరే, ఏ బొమ్మ ఎన్ని ఉండాలో నిర్ణయించినవారు తమరే, బ్లాక్‌చెయిన్ మీద దాన్ని ముద్రించడానికి అయ్యే గ్యాస్ ఫీజు కూడా చాలాచోట్ల పుచ్చుకునేవాడి నెత్తినే పడుతుంది. అంటే తమకు దాదాపు ఖర్చు లేని వస్తువును, వాడు నిజమైన డబ్బు పోసి టోకెన్లు కొన్నందుకు, బహుమతి అని ఇస్తున్నారు. అయితే తమ అసలు ఉద్యోగం బహుమతి ఇవ్వడం కాదని, ప్రశ్నలు రానివ్వకపోవడమని నా అనుమానం. ఆ టోకెన్లలో ఎంత భాగం స్థాపకుల చేతిలో ఉంది, వాళ్ళ వాటా మీద తాళం ఎప్పుడు తెరుచుకుంటుంది, ఆ రోజున వాళ్ళు అమ్మకానికి దిగితే ధర ఏమవుతుంది, అప్పుడు కొనేవాడెవడు అన్న సంగతులు టీ కొట్టు దగ్గర ఒక్కరు కూడా ఎత్తలేదు. "నీకేం పడింది, నాకేం పడింది" అన్నదే మాట్లాడుకున్నారు. తొమ్మిది వందల డాలర్ల దగ్గర ఆగిపోవలసినవాడు, పైమెట్టు పెట్టెల కోసం ఇంకో వంద అప్పు చేసి వేస్తున్నాడంటే, వాడు కొంటున్నది టోకెనో, తమరినో నాకు అంతుపట్టలేదు.

నేను మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో లెక్కలు రాసే గుమాస్తాను కనుక, నా బుద్ధి టిక్కీ, అంటే మిర్చి మూట, దాటి పోదు, మన్నించండి. మా దగ్గరకు సరుకు వస్తే, కొనేవాడు ముందు కుట్టు విప్పిస్తాడు, మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగున ఉన్న కాయ తీస్తాడు, రంగు చూస్తాడు, తొడిమ చూస్తాడు, చిదిమి తేమ ఎంతుందో చూస్తాడు. తేజకు ఒక ధర, బాడిగకు ఒక ధర, రంగు పోయిన తాలుకాయకు ఇంకో ధర. ఇంత చూసి కూడా బేరం దగ్గర ఒక తగాదా తప్పదు. ఆ మనిషి దగ్గరకే వెళ్ళి, "అయ్యా, డబ్బు ముందు కట్టండి, మూట తరువాత విప్పుతాం, తాలు వస్తే కామన్ అనుకుని మురిసిపోండి" అంటే ఏం జరుగుతుందో తమరు ఒక సీజనులో వచ్చి స్వయంగా చూడవచ్చు. చిత్రమేమిటంటే, పగలంతా మూటలో చెయ్యి పెట్టనిదే పైసా వదలని మా కొట్టువాళ్ళ పిల్లలే, సాయంత్రం తమ ఎదుట కళ్ళు మూసుకుని డబ్బు వదులుతున్నారు.

ఎవరికి ఏ బొమ్మో తేల్చే డ్రాలో మోసం లేదని తాము సెలవిస్తారు, ఒప్పుకుంటాను. బ్లాక్‌చెయిన్ సాధారణంగా తనంతట తాను యాదృచ్ఛిక సంఖ్యను పుట్టించజాలదు కనుక, ఎవరైనా సరిచూసుకోగల సంఖ్యలను బయటి నుంచి తెప్పించే పద్ధతులు వచ్చాయి, మంచిదే. వాటి అవసరం ఏమిటో 2021 మే నెలలో మీబిట్స్ అనే ఎన్‌ఎఫ్‌టీ బొమ్మల పంపకంలో తెలిసింది. అరుదైన బొమ్మ రాకపోతే లావాదేవీ మొత్తం దానంతటదే రద్దయ్యేలా ఒక గడుసువాడు ప్రోగ్రాము రాసుకుని, కావలసినది వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ చెయ్యి పెట్టి, చివరకు దొరికినదాన్ని ఈథర్ అనే క్రిప్టో నాణేలు 200కు అమ్ముకున్నాడు. ఆ కంత ఇప్పుడు పూడ్చారనే అనుకుందాం. అప్పుడు మా మేనల్లుడికి దక్కేది, తనకు నక్క న్యాయంగానే పడిందన్న గణితశాస్త్ర నిరూపణ. నక్కను కొనేవాడెవడో ఆ నిరూపణలో ఉండదు.

కొనేవాళ్ళ మాట వస్తే, తమ వంశంలో మహారాజులు లేకపోలేదు. 2021 మార్చిలో క్రిస్టీస్ వేలంలో బీపుల్ అనే కళాకారుడి ఎన్‌ఎఫ్‌టీ చిత్రం 6.93 కోట్ల డాలర్లకు పోయింది. అదే నెలలో ట్విట్టర్ స్థాపకుల్లో ఒకరైన జాక్ డోర్సీ మొదటి ట్వీటు ఎన్‌ఎఫ్‌టీని ఒకాయన 29 లక్షల డాలర్లకు కొని, మరుసటి ఏడాది ఏప్రిల్‌లో 4.8 కోట్లకు అమ్మచూపితే, వేలం గడువు ముగిసేసరికి వచ్చిన పెద్ద పాట 280 డాలర్ల దగ్గర ఆగింది. 2023 సెప్టెంబరులో డాప్‌గ్యాంబుల్ అనే సంస్థ 73,257 ఎన్‌ఎఫ్‌టీ సేకరణలను పరిశీలించి, 69,795 సేకరణల మార్కెట్ విలువ సున్నా అని తేల్చింది. టోకెనయితే సగమో పావో విడిగా అమ్ముకోవచ్చు. నక్కను కావాలంటే ఆ నక్కే కావాలనే మనిషి ఒకడు పుట్టాలి. పైగా చాలా సందర్భాల్లో బొమ్మ బ్లాక్‌చెయిన్ మీద ఉండదు, బొమ్మ ఎక్కడుందో చెప్పే లింకు మాత్రమే ఉంటుంది. 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో ఎక్స్చేంజీ దివాలా తీసిన తరువాత, దాని సర్వర్లను నమ్ముకున్న బొమ్మలు కనిపించకుండా పోయి, ఆ లింకులు దివాలా వివరాల పేజీకి దారితీశాయి.

ఇక తమరు లాటరీ కారని తమవారు చేసే వాదన. కేరళ ప్రభుత్వం 1967 నుంచి లాటరీ నడుపుతోంది. అక్కడ బహుమతి ఎంతో, డ్రా ఏ రోజో టిక్కెట్టు మీదే ఉంటుంది. 1998 నాటి లాటరీల చట్టం ప్రకారం టిక్కెట్టు మీద ప్రభుత్వ ముద్ర ఉండాలి, డ్రా ప్రభుత్వమే తీయాలి, వచ్చిన సొమ్ము ప్రభుత్వ ఖాతాలోనే పడాలి. తమరి మీద ఎవరి ముద్రా లేదు, సొమ్ము ఏ ఖాతాలో పడుతుందో వాలెట్ నంబరుకే తెలియాలి. కనుక తమరు లాటరీ కారు, నిజమే. లాటరీ అంతకంటే పద్ధతిగా ఉంటుంది. ఢిల్లీ వారు మాత్రం ఆ పేరు ఎత్తకుండానే చుట్టరికం కలిపారు. లాటరీ గెలిచినవాడికి పన్ను 30 శాతం. 2022 ఆర్థిక చట్టం తమరిని వర్చువల్ డిజిటల్ ఆస్తుల్లో చేర్చి, అమ్మగా వచ్చిన లాభం మీద వేసిన పన్నూ 30 శాతమే. ఆ ఏడాది జూలై నుంచి అమ్మకం మీద 1 శాతం టీడీఎస్ అదనం. టోకెనులో పోయినదాన్ని నక్కలో వచ్చినదానితో సరిపెట్టుకునే వీలు కూడా లేదు. నక్కలో ఏదైనా వస్తే గదా అని మా మేనల్లుడు నిశ్చింతగా ఉన్నాడు.

నిన్నటి రోజున తమ రెండో సీజను ప్రకటన చూపించాడు. మూడు కామన్ నక్కలను కాల్చేసి, అంటే మళ్ళీ వాడలేకుండా చెరిపేసి, పైన కొత్తగా టోకెన్లు కొంటే, రేర్ వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్న కొత్త పెట్టె ఇస్తారట. వాడి దగ్గర రెండు నక్కలున్నాయి, మూడోదాని కోసం వెతుకుతున్నాడు. ఈలోగా తమరిని నేను కోరేదల్లా, పెట్టె మీద వెలుగులు కాస్త తగ్గించి ఆ జాగాలో లెజెండరీలు మొత్తం ఎన్ని, ఇంకా ఎన్ని మిగిలాయి, స్థాపకుల టోకెన్ల తాళం ఏ తేదీన తెరుచుకుంటుంది, నక్కను తిరిగి ఇస్తే తమరు ఎంతకు తీసుకుంటారు అన్న వివరాలు తెలుగులో, చదవగలిగే అక్షరాల్లో అచ్చు వేయించమని. జవాబు రాయదలిస్తే మామూలు పోస్టులోనే పంపండి. లోపల ఏముందో కవరు మీద రాయడం మరవకండి, తెలియని పార్సిళ్ళు మా కొట్టులో పుచ్చుకోరు.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక మిర్చి కొట్టు గుమాస్తా