మేం అడిగింది ఒక్క చీటీ

ఈ ఉదయం మా అమ్మ వైద్యం కాగితాల నకళ్ళ కోసం పర్లాకిమిడిలోని మా కుటుంబ వైద్యుని క్లినిక్‌కు వెళ్తే, కాంపౌండరు నన్ను నలుగురి ముందూ నిలబెట్టి, "ఇరవై ఏళ్ళుగా మీ ఇంటి మనిషిలా చూసిన డాక్టరుగారి మీద కేసు పెడతావా బాబూ?" అని అడిగాడు. కాగితాలు మాత్రం ఇవ్వలేదు. రోగి గానీ, రోగి తరఫువారు గానీ అడిగితే 72 గంటల్లోగా ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనల్లోనే ఉంది. నేనేమీ దయ కోరడం లేదు.

అమ్మకు విరేచనంలో రక్తం పడుతోందంటే ఆయన మొలలన్నారు. ఏడు నెలలు పూతమందూ ఇసబ్గోలూ రాశారు. మనిషి చిక్కిపోతున్నా, హిమోగ్లోబిన్ ఏడుకు పడిపోయినా ఐరన్ మాత్రలు కలిపారే తప్ప, ఒక్కసారైనా తొడుగు వేసుకుని వేలితో పరీక్షించలేదు, బరంపురం మెడికల్ కాలేజీకో విశాఖ కేజీహెచ్‌కో వెళ్ళమని చీటీ రాయలేదు. మేం వెళ్దామంటే అమ్మే "డాక్టరుగారు చెప్పలేదు కదరా" అనేది. చివరికి మేమే పాతపట్నం మీదుగా విశాఖ తీసుకెళ్తే, అక్కడి వైద్యుడు మొదటి రోజే వేలితో గడ్డను పట్టుకున్నాడు. అది పేగు క్యాన్సర్. అప్పటికే కాలేయానికి పాకింది.

ప్రతి పొరపాటూ నిర్లక్ష్యం కాదని సుప్రీంకోర్టు 2005లో చెప్పిన మాట నాకూ తెలుసు, దాన్ని గౌరవిస్తాను. కానీ ఫీజు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లో చెప్పిందీ ఆ కోర్టే. మలేరియా వచ్చిన భార్యకు టైఫాయిడ్ వైద్యం చేశారని హైదరాబాదులో ఒకాయన పోరాడిన కేసులో, ప్రతిదానికీ నిపుణుల సాక్ష్యం అక్కర్లేదని 2010లో తేల్చిందీ ఆ కోర్టే. ముందే పంపినా ఏం మారేదని అడిగే బంధువులకు నాదొక్కటే జవాబు: పేగు దాటకముందే ఈ క్యాన్సర్ దొరికితే పదిమందిలో తొమ్మిది మంది అయిదేళ్ళు దాటి బతుకుతున్నారని అమెరికా లెక్కలున్నాయి. ఆ తొమ్మిది మందిలో మా అమ్మ ఉండేది కాదని ఎవరు చెప్పగలరు?

అసలు నా కోపం ఈనాటిది కాదు. పదేళ్ళ కిందట నాన్నగారి కాలి పుండుకు, షుగరుందని తెలిసీ, ఈ డాక్టరుగారే రెండు నెలలు కట్లు మారుస్తూ కూర్చున్నారు. మోకాలి కింద తీసేయాల్సి వచ్చినప్పుడు రాత అనుకుని ఊరుకున్నాం. ఆనాడే అడిగి ఉంటే అమ్మ విషయంలో ఆయన చేయి ఆ చీటీ మీదకు వెళ్ళేదేమో.

రేపు రిజిస్టర్డ్ పోస్టులో మళ్ళీ అడుగుతున్నాను. ఫిర్యాదుకు వినియోగదారుల చట్టం ఇచ్చిన గడువు రెండేళ్ళు. అమ్మ పోయి ఎనిమిది నెలలైంది.