అరవైలో నేర్చుకున్నది కాదు సార్

తిరుపతి బైరాగిపట్టెడలో నా దగ్గర గిటారు నేర్చుకునే ఒక అమ్మాయి వాళ్ల నాన్న పోయిన వారం ఫోన్ చేసినాడు. "పదో తరగతి కదా సార్, ఈ ఏడాదికి ఆపేద్దాం. అరవైలో కూడా నేర్చుకోవచ్చంట" అని, వెంటనే ఒక వాట్సాప్ మెసేజీ కూడా పంపినాడు. నాకది రావడం నాలుగోసారి. అందులో ఉన్నదిది: ఎలిజబెత్ కాటన్ అనే అమెరికా పనిమనిషి అరవయ్యో ఏట యజమానుల దగ్గర గిటారు నేర్చుకుంది, ఎడమచేతి వాటం గనక తీగలు తిప్పి కట్టుకుంది, ఒక్క పాటతో గ్రామీ కొట్టింది.

మనిషి నిజమే, మిగతాదే తలకిందులు.

ఆమె 1893లో నార్త్ కరోలినాలో పుట్టింది. అన్న బాంజో చాటుగా వాయించి, ఇళ్లలో పనిచేసి దాచుకున్న 3.75 డాలర్లతో గిటారు కొనుక్కుంది. 'ఫ్రైట్ ట్రైన్' పాట కట్టింది పదకొండు పన్నెండేళ్లప్పుడు. తర్వాత పెళ్లి, బిడ్డ, లోకపు పాటలు వద్దన్న చర్చి. అలా కొన్ని దశాబ్దాల పాటు గిటారు పక్కన పడింది. తిరుమలలో రాగిరేకులు 1922 ప్రాంతంలో బయటపడ్డాయని అన్నమయ్య అప్పుడే పాటలు రాసినాడంటామా?

యజమానులు నేర్పినారనడం మరీ అన్యాయం. ఆ యజమానులు సీగర్లు. వాళ్ల పాప పెగ్గీ ఒక పెద్ద అంగట్లో తప్పిపోతే కాటనే ఆ పాపను తల్లికి అప్పగించింది, ఆ పరిచయంతో వాళ్లింట్లో పనికి కుదిరింది. ఇంటిల్లిపాదీ సంగీతం వాళ్లే. అయినా గోడకున్న గిటారు తీసుకుని ఆమె వాయిస్తుంటే నోరెళ్లబెట్టింది వాళ్లు. ఆ ఇంటి అబ్బాయి మైక్ ఆమె పాటలు రికార్డు చేస్తే 1958లో ఆల్బంగా వచ్చింది.

ఇక తీగలు. అన్నిటికన్నా నాకు మంట పుట్టించింది ఇదే. కుడిచేతి గిటారులో లావు తీగలు పైన ఉంటాయి, బొటనవేలు వాటి మీద బేస్, అంటే కింది స్థాయి స్వరాలు, కొడుతుంది, పాట మిగతా వేళ్లది. ఆమె తీగలు ముట్టుకోలేదు, గిటారునే తిరగేసి పట్టుకుంది. సన్న తీగలు పైకొచ్చినాయి. పాట బొటనవేలికి పోయింది, కిందున్న బేస్ చూపుడువేలి పాలైంది. ఆమె వాయింపులో ఆ ఊగు అక్కడినుంచే. తీగలు తిప్పి కట్టి ఉంటే ఆ బాణీయే పుట్టేది కాదు. నేను వారం రోజులు ప్రయత్నించినా నాలుగు మీటులు కుదరలేదు. ఈ అమ్మాయిదీ ఎడమచేయే. మొదటిరోజు గిటారు తిరగేసి పట్టుకుంటే తీగలు విప్పబోయినవాణ్ణి నేనే, ఒప్పుకోవాల.

గ్రామీ 1985లో వచ్చింది, అదీ ఒక లైవ్ ఆల్బంకు. అప్పటికి ఆమెకు తొంభై దాటినాయి. ఇక ఆ 'ఒక్క పాట', అదే 'ఫ్రైట్ ట్రైన్', 1957లో ఇంగ్లండులో హిట్టయినప్పుడు రాసినవాళ్లుగా వేరేవాళ్ల పేర్లు వేసుకున్నారు. మెసేజీలో ఆ ముక్క లేదు మరి.

కాటన్ లెక్కన మీ అమ్మాయికి ఇప్పటికే మూడేళ్లు ఆలస్యమని ఆయనకు జవాబు పెట్టినాను. శనివారం క్లాసు ఆరింటికని కూడా. బ్లూ టిక్ పడింది.