రిజిస్టర్‌లో లేని ఆయాసం

భోగి తెల్లవారుజామున పలమనేరు, కుప్పం పల్లెల్లో మంచు దట్టంగా దిగుతుంది. దాని కిందే మంటల పొగ కమ్ముకుంటుంది. ఆ రాత్రికి ఏదో ఒక ఇంట్లో పదిహేనేళ్ల పిల్ల పడుకోలేక మంచం మీద కూర్చుని, చేతులు మోకాళ్లకు ఆనించి ఎగపోసుకుంటూ ఉంటుంది. ఛాతీలో పిల్లికూతలు పక్కగదిలోకి వినిపిస్తాయి. ఆశా కార్యకర్త ఇల్లు నాలుగిళ్ల అవతలే. ఆ ఇంట్లో తాతకు బీపీ ఉందనీ, కోడలికి ఎన్నో నెలో ఆమెకు నోటికి వచ్చు. ఈ పిల్లకు ఉబ్బసం ఉన్న సంగతీ తెలుసు. రాసుకోవడానికే గడి లేదు.

ఇది ఆమె తప్పు కాదు. 2005లో మొదలైన ఆశా వ్యవస్థ బాలింతనూ పసిబిడ్డనూ కనిపెట్టుకుని ఉంటుంది. పుట్టిన బిడ్డను 42 రోజుల దాకా, తర్వాత పదిహేనో నెల దాకా ఇంటికెళ్లి చూడాలన్న లెక్క ఉంది. ఆ తర్వాత ఆమె చేతికి వచ్చే పెద్ద ఫారం 30 ఏళ్లు దాటినవారిది. ఆయాసం వస్తోందా, రెండు వారాలకు మించి దగ్గు ఉందా అని అందులో అడుగుతారు. పదిహేనేళ్ల పిల్లను ఆ ప్రశ్న అడిగేవారు లేరు. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 18 ఏళ్ల వరకూ పిల్లలను పరీక్షిస్తుంది, దాని 30 సమస్యల జాబితాలో ఉబ్బసం లాంటి శ్వాస ఇబ్బందీ ఉంది. కానీ ఆ బృందం బడికి వచ్చేది ఏడాదికోసారి, అదీ ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకే. తిరుపతిలో ప్రైవేటు కాలేజీ హాస్టల్ గదిలో ఇంటర్ చదివే కుర్రాడు ఆ లెక్కలోకీ రాడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ప్రపంచమంతటా ఉబ్బసంతో 4,55,000 మంది చనిపోయారు. ఈ జబ్బుకు పనిచేసే మందులు చవగ్గానే దొరుకుతున్నాయి. ఇబ్బంది ఎక్కువగా వాటిని వాడే తీరులో ఉంది.

ఉబ్బసానికి నోటితో మందు పీల్చే పంపులు (ఇన్హేలర్లు) రెండు రకాలు. ఒకటి అప్పటికప్పుడు ఊపిరి ఆడనిచ్చేది, అంటే సాల్బుటమాల్. రెండోది బుడెసొనైడ్ లాంటి స్టెరాయిడ్ ఉన్నది. అది లోపలి వాపును తగ్గించి అసలు ఆయాసమే రాకుండా చూస్తుంది. రెండూ జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి. మన ఇళ్లలో మొదటిది అయిపోయేదాకా కొడతారు, రెండోదాన్ని రెండు వారాలు వాడి బీరువాలో పెట్టేస్తారు. 12 ఏళ్లు దాటినవారికి మొదటిది ఒక్కటే ఇచ్చి ఊరుకోవద్దని అంతర్జాతీయ మార్గదర్శకాలు 2019 నుంచీ చెబుతున్నాయి. ‘పంపు అలవాటైతే ఇక జీవితాంతం అంతేనమ్మా’ అన్న మాట మాత్రం దానికన్నా బలంగా ఊళ్లో తిరుగుతోంది. ఆడపిల్లయితే ఇంకో టెన్షన్: నలుగురిలో పంపు తీస్తే రేపు సంబంధాలు ఎలా వస్తాయని తల్లి బెంగ. మగపిల్లవాడు ఆటల పీరియడ్‌లో కాలు నొప్పని చెప్పి చెట్టు కింద కూర్చుంటాడు. చివరికి ఆర్‌ఎంపీ దగ్గర సూది, లేదంటే మృగశిర కార్తెకు హైదరాబాద్ చేప మందు.

వాడే పద్ధతి చూస్తే మరీ బాధ. పంపు నోట్లో పెట్టుకుని నొక్కుతాడు, అదే క్షణాన ఊపిరి వదులుతాడు. తెల్లటి పొగ ముక్కులోంచి బయటికొస్తుంది. మందంతా గాలిపాలు. నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరనివారికి మధ్యలో స్పేసర్ గొట్టం పెడితే చాలు. కొనడానికి డబ్బుల్లేకపోతే అరలీటరు నీళ్ల సీసా ఉంది. అడుగున పంపు మూతి సరిగ్గా పట్టేంత రంధ్రం చేసి, సందుల్లేకుండా టేపు చుట్టి, సీసా మూతిని నోట్లో పెట్టుకుని, పంపు నొక్కి నిదానంగా ఐదారుసార్లు పీలిస్తే మందు ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. మామూలు స్పేసర్‌కు అది తీసిపోదని దక్షిణాఫ్రికా వైద్యులు పాతికేళ్ల కిందటే చూపించారు. స్టెరాయిడ్ పంపు కొట్టాక నోరు పుక్కిలించాలి. ఇవన్నీ ఓపీలో డాక్టరుకు దొరికే రెండు నిమిషాల్లో నేర్పేవి కావు. పిల్లలు ‘అక్కా’ అని పిలిచే మనిషి వాళ్ల వసారాలో కూర్చుని నాలుగుసార్లు చేయించి చూడాల్సినవి.

ఇంటి లోపల ఏముందో చూడగలిగేదీ ఆశాయే. ఒక దోమల చుట్ట విడుదల చేసే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్లకు సమానమని ఒక అధ్యయనం తేల్చింది. పిల్ల పడుకునే గదిలో అది రాత్రంతా కాలుతుంటుంది. చిత్తూరు వైపు బెల్లం గానుగల పొగ, పట్టుపురుగులు పెంచే ఇళ్లలో చిమ్మటల పొలుసులు, దొడ్డి చుట్టూ వయ్యారిభామ పుప్పొడి. సాంబ్రాణి మానేయమని దేవుడి గది ముందు నిలబడి చెప్పడం డాక్టరుకైనా కష్టమేననుకోండి, పిల్ల ఉన్న గదిలో వద్దమ్మా అంటే వింటారు.

అమెరికాలోని సియాటిల్ ప్రాంతంలో ఉబ్బసం పిల్లలున్న 274 పేద కుటుంబాలతో జరిగిన అధ్యయనం 2005లో వెలువడింది. ఆరోగ్య కార్యకర్త ఒక్కసారి వెళ్లి వచ్చిన ఇళ్లకన్నా, ఏడాదిలో పలుమార్లు వెళ్లిన ఇళ్లలో అత్యవసర వైద్యం అవసరం ఎక్కువగా తగ్గింది. ఆ పిల్లలు 4 నుంచి 12 ఏళ్ల లోపువారు. అక్కడా టీనేజీ దగ్గరే ఆగిపోయారు!

తిరుపతి, చిత్తూరు జిల్లాల వైద్యారోగ్య శాఖ అధికారులను మేం కోరేది పెద్ద పథకమేమీ కాదు. ఆశా రిజిస్టర్‌లో 10 నుంచి 19 ఏళ్లవారికి ఒక ఉబ్బసం గడి పెట్టండి. రెండు రకాల పంపులూ గ్రామంలోని హెల్త్ క్లినిక్‌లో ఎప్పుడూ ఉండేలా చూడండి. పంపు ఖాళీ అయిన రోజున జిల్లా ఆసుపత్రికి బస్సెక్కమంటే ఎవరూ ఎక్కరు. జబ్బు నిర్ధారించేది, మందు రాసేది డాక్టరే. మాట పూర్తిచేయలేనంత ఆయాసం వచ్చినా, పెదాలు నీలంగా మారినా ఆశా వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఈ పని ఆమె పది వేల గౌరవ వేతనంలోనే ఇముడుతుందని మాత్రం అనుకోవద్దు. యాప్‌లలో వివరాలు ఎక్కించడానికే ఆమె పొద్దు చాలడం లేదు. ఒక్కో సందర్శనకు ఇంతని విడిగా ఇవ్వాలి.

తిరుపతి రుయా ఆసుపత్రిలోనో మరో ఆసుపత్రిలోనో రాత్రి నెబులైజర్ పెట్టించుకుని తెల్లారి ఇంటికి వెళ్లే పిల్లల వివరాలు అక్కడి కేస్ షీట్లలో ఎలాగూ ఉంటాయి. కన్నవాళ్లను అడిగి, ఆ పిల్ల పేరు ఆ ఊరి ఆశా ఫోన్‌కు అదే రోజు చేరవేయడం ఈ నెలలోనే మొదలుపెట్టవచ్చు.