ఆరున్నర చెల్లదు

మా క్లినిక్‌లో ఇద్దరు డాక్టర్లం. ఒకణ్ణి నేను. రెండో ఆయన బల్ల మీద ఉంటారు. పద్నాలుగు అంగుళాల ముఖం, వెనకాల నాలుగు వైర్లు. పుట్టి బుద్ధెరిగి ఎవరి నాడీ పట్టుకున్న పాపాన పోలేదు. అయినా పెద్ద డాక్టరు ఆయనే. నేను మందు రాస్తే ఆయన ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ప్రింటు రాదు. రోగులు కూడా ఈ సంగతి కనిపెట్టేశారు. కూర్చోగానే ఆయన వైపు భయభక్తులతో చూసి, "ఇవాళ బాగానే ఉందాండీ ఇది?" అని ముందు ఆయన ఆరోగ్యం కనుక్కుని, తర్వాత తమ జబ్బు చెప్పుకుంటున్నారు.

యంత్రాలు వద్దనే ఛాందసుణ్ణి కాను. 1816లో పారిస్‌లో లెనెక్ అనే డాక్టరు ఓ యువతి గుండె చప్పుడు వినాల్సి వచ్చి, ఛాతీకి చెవి ఆనించడానికి మొహమాటపడి, కాగితాలు గొట్టంలా చుట్టి విన్నాడు. స్టెతస్కోప్ అలా పుట్టింది. ఆ గొట్టానికి ఒక చివర రోగి, రెండో చివర డాక్టరు. మధ్యలో అది పాస్‌వర్డ్ అడగలేదు.

మొన్న ఒక పెద్దావిడ వచ్చింది. మోకాళ్ల నొప్పులు.

"నొప్పి ఎంతమ్మా? సున్నా నుంచి పది లోపు చెప్పండి" అన్నాను. అడిగింది నేను కాదు, ఆయన. ఎర్ర నక్షత్రం పెట్టి మరీ అడిగారు. ఎర్ర నక్షత్రం ఉన్న గడి నింపందే తర్వాతి పేజీ తెరుచుకోదు.

"కూర్చుంటేనా, లేస్తేనా నాయనా?"

"మొత్తం మీద."

ఆవిడ కళ్లు మూసుకుని నిజాయితీగా లెక్కేసుకుంది. "కూర్చుంటే నాలుగు. లేస్తే తొమ్మిది. కోడలు ఇంట్లో లేనప్పుడు లేస్తే ఎనిమిదే, అది వదిలెయ్. సగం చేసి ఆరున్నర వేసుకో."

ఆరున్నర కొట్టాను. 'పూర్ణసంఖ్య మాత్రమే ఇవ్వండి' అన్నారాయన.

"ఆరున్నర తీసుకోవట్లేదమ్మా. ఆరు వెయ్యనా, ఏడు వెయ్యనా?"

"ఆరు వేస్తే మందు తగ్గిస్తాడా ఆయన?"

"అదేం లేదు."

"అయితే ఏడు వెయ్యి. అంతకంటే పైకి పోకు, అబద్ధం ఆడినట్టుంటుంది."

ఇక జబ్బుకి కోడ్ వెయ్యాలి, అంటే జబ్బుల పట్టికలో దాని నంబరు. 1893లో బెర్టిలాన్ అనే ఫ్రెంచి గణాంకవేత్త మనుషులు దేనివల్ల చనిపోతున్నారో లెక్క తెలియడానికి ఓ జాబితా రాశాడు. మంచి పనే చేశాడు పాపం. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని పెంచి పెద్ద చేసింది. దాని పదో కూర్పుని అమెరికా వాళ్లు తమ అవసరాలకు తగ్గట్టు మార్చుకుని 2015 అక్టోబరు నుంచి వాడుతున్నారు. అందులో సుమారు 70 వేల కోడ్‌లు. మా సాఫ్ట్‌వేర్ వాళ్లు ఆ పట్టికనే ఎత్తుకొచ్చి నా బల్ల మీద పోశారు. కుడి మోకాలి నొప్పికి ఒక కోడ్, ఎడమ మోకాలి నొప్పికి ఒకటి, ఏ మోకాలో తెలియని మోకాలి నొప్పికి మరొకటి. రెండు మోకాళ్లూ కలిపి నొప్పెట్టే సౌకర్యం మాత్రం లేదు, విడివిడిగా కొట్టుకోవాలి.

కొడుతూ కొడుతూ ఎక్కడో వేలు జారి బాతుల్లో పడ్డాను. నిజంగానే ఉన్నాయి. బాతు కరిస్తే ఒక కోడ్. బాతు కొడితే ఒక కోడ్. ఈ రెండూ కాకుండా బాతుతో మరేదైనా వ్యవహారం నడిచి ఉంటే దానికీ ఒక కోడ్. ఇది మొదటి విజిటా, తర్వాతి విజిటా, లేక ఎప్పుడో జరిగిన బాతు దెబ్బకి ఇప్పటి పర్యవసానమా అన్నది చివర్లో అక్షరంతో తేల్చాలి. చిలకలకి వేరే సెట్టు ఉంది. అత్తింటివాళ్లతో సమస్యలకీ ఒకటుంది, జడ్ 63.1. ఆవిడ మోకాళ్లకి ఇదే దగ్గరి కోడ్ అని ఒక్క క్షణం మనసు లాగిన మాట వాస్తవం.

నేను బాతుల్లోంచి బయటపడేలోపు పెద్ద డాక్టరుగారు విసుగొచ్చి నన్ను లాగౌట్ చేశారు. తిరిగి వెళ్లబోతే పాస్‌వర్డ్ గడువు తీరిందన్నారు. కొత్తది పెట్టాలి. పెద్దక్షరం, అంకె, గుర్తు, అన్నీ ఉండాలి.

"మీ ఆవిడ పేరు పెట్టు నాయనా."

"ఆర్నెల్ల క్రితమే పెట్టానమ్మా. ఒకసారి వాడిన పేరు మళ్లీ పనికిరాదట."

"అయితే కొత్త పేరు ఎవరికీ చెప్పకు. ఇంట్లో తెలిస్తే గొడవ."

మీకు నవ్వొస్తే నవ్వండి, నాకూ వచ్చింది. 2016లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో 57 మంది డాక్టర్ల పక్కన నిలబడి మరీ టైము కొలిచారు. రోగితో ముఖాముఖి ఒక గంట గడిస్తే, ఈ కంప్యూటరు కొట్టుడుకీ రాతకోతలకీ దాదాపు రెండు గంటలు పోతోందని తేలింది. 2012లో జామా అనే వైద్య పత్రిక ఏడేళ్ల పాప రంగు క్రేయాన్లతో గీసిన బొమ్మ వేసింది. డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చి గీసుకున్న బొమ్మ. పరీక్ష బల్ల మీద పాప, కుర్చీలో అక్క, చంటిదాన్ని ఎత్తుకుని అమ్మ. డాక్టరూ ఉన్నాడు. అందరికీ వీపు పెట్టి కంప్యూటరులోకి చూస్తున్నాడు. ఆ వీపు నాదే అని నాకు మొన్నటిదాకా తెలీదు.

మందులు ప్రింటయ్యాయి. 'విజిట్ ముగిసింది' నొక్కాను. పెద్దావిడ మెల్లగా లేచి, తలుపు పిడి మీద చెయ్యేసి వెనక్కి తిరిగింది.

"అన్నట్టు నాయనా, మూడు రోజులుగా మెట్లెక్కుతుంటే గుండెల మీద ఏదో బరువు పెట్టినట్టుంటోంది. మోకాళ్ల వల్లేలే."

అసలు సంగతి తలుపు దగ్గరే బయటికొస్తుందని వైద్యం చేసే ప్రతివాడికీ తెలుసు. నాకూ తెలుసు. అయినా నేను ఆవిడ ముఖం చూడలేదు. తెర వైపు చూశాను. మూసిన ఫైలు తెరవాలంటే 'కారణం కనీసం 20 అక్షరాల్లో' రాయమంటుందే అని, ఒక్క క్షణం, చిరాకుపడ్డాను.

ఛీ! ఆవిడ మీద చిరాకుపడ్డాను! ఇరవై రెండు నిమిషాలు ఆ మనిషి నా ఎదురుగా కూర్చుంది. ముఖం వాడి ఉందేమో, మాట మధ్యలో ఊపిరి అందక ఆగిందేమో నాకు తెలీదు. నేను బాతుల్ని చూస్తున్నాను. ఎర్ర నక్షత్రం పెట్టిన మహానుభావుడు ఎవరో గానీ, రోగి ముఖం చూశావా అనే గడి ఒక్కటి పెట్టాలని అతనికి తోచలేదు. డబ్బు రాబట్టే గడులన్నీ మాత్రం గుర్తున్నాయి. అతన్నని ఏం లాభం, నింపే చెయ్యి నాది.

ఈసీజీ తీశాను. బాగాలేదు. అంబులెన్స్‌లో పెద్దాసుపత్రికి పంపాను. కారణం 20 అక్షరాల్లో రాయలేదు, ఇప్పటికీ ఆ ఫైలు మూసే ఉంది.

మర్నాడు చూడ్డానికి వెళ్తే మంచం మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే దిండు కింద నుంచి ఫోను తీసింది. "నువ్వే పంపావా నాయనా ఇది? నిన్న అంబులెన్స్‌లో ఉండగా టింగుమంది."

చూశాను. 'నేటి మీ విజిట్ ఎలా జరిగింది? మీ డాక్టరుకు సున్నా నుంచి పదిలో ఎంత ఇస్తారు?'

"ఆరున్నర కొట్టాను, తీసుకోలేదు" అంది.

"మరి?"

"ఆరు వేశాను."